మూడో అధ్యాయంలో రాయని సంగతులు: పరిశోధన పద్ధతుల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన విషయం చాలా పెద్దది. వివిధ రంగాల్లో పరిశోధన పద్ధతులు, అందులోని చిక్కులు, కొత్తగా దొరుకుతున్న అవకాశాలు. భౌతిక శాస్త్రం దగ్గర్నుంచి మౌఖిక చరిత్ర దాకా అన్నిటినీ ఒక్క గంటలో చుట్టి వస్తానంటే అది నేల విడిచి సాము చెయ్యడమే. అందుకని ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. డేటా చేతికొచ్చినప్పటి నుంచి "కాబట్టి ఇదీ తేలింది" అని రాసేదాకా, మధ్యలో మనం ఎన్ని నిర్ణయాలు తీసుకుంటాం? వాటిలో ఎన్ని చదివేవాళ్ళ కంటపడతాయి?

థీసిస్‌లో మెథడాలజీ సాధారణంగా మూడో అధ్యాయం. రాసేది మాత్రం ఆఖర్న. అదీ సీనియర్ థీసిస్ ఒకటి పక్కన పెట్టుకుని. (సభలో నవ్వులు) నవ్వారు కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ అధ్యాయంలో పరిమాణాత్మక (అంకెలతో చేసే) పద్ధతి అంటే ఏమిటో, గుణాత్మక (మాటలు, అనుభవాలు, అర్థాలతో చేసే) పద్ధతి అంటే ఏమిటో నిర్వచనాలుంటాయి. శాంపిల్ ఎంతుండాలో లెక్కగట్టే ఫార్ములా ఉంటుంది. వాడిన సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబరుతో సహా ఉంటుంది. లేనిదల్లా అసలు జరిగింది. కొన్ని ప్రశ్నావళులు ఎందుకు పక్కన పడేశాం, ఫలానా ఇంటర్వ్యూలోంచి ఒక్క వాక్యం కూడా ఎందుకు వాడుకోలేదు, మొదట అనుకున్న పరీక్ష వదిలేసి ఇంకోదానికి ఎందుకు వెళ్ళాం, ఇవేవీ అందులో కనిపించవు.

ఏ రంగానికైనా అసలు ప్రమాదం ఈ రాయని నిర్ణయాల్లోనే ఉందన్నది నా వాదన. దాన్ని ఎదుర్కోడానికి ఒక్కో రంగం తన మూలన తాను ఒక్కో ఉపాయం కనిపెట్టుకుంది. పక్క రంగం వాళ్ళకి అది తెలీదు. తెలిసినా, "అది వాళ్ళకి సరిపోతుందిలే, మనకి కుదరదు" అంటారు. ఆ మాట కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు ఉత్త సాకు.

కొలతలతో మొదలుపెడతాను. ఎందుకంటే, థర్మామీటర్ పెట్టి కొలిచాక ఇక అందులో మనిషి ప్రమేయం ఏముంటుందని మనకొక ధీమా.

సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతల గ్రాఫు తీసుకోండి. భూమి ఎంత వేడెక్కిందో చెప్పే లెక్కల్లో అది చాలా ముఖ్యమైన భాగం. ఆ గ్రాఫులో 1945 దగ్గర ఒక విచిత్రం ఉండేది. ఉన్నట్టుండి సముద్రాలు దాదాపు 0.3 డిగ్రీలు చల్లబడ్డట్టు కనిపించేది. 2008లో డేవిడ్ థాంప్సన్, ఆయన సహచరులు ఎల్ నినో లాంటి సహజమైన ఎగుడుదిగుళ్ళని లెక్కలోంచి తీసేసి చూశారు. అప్పుడా పతనం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. తమాషా ఏమిటంటే, నేల మీది ఉష్ణోగ్రతల్లో దాని జాడే లేదు. సముద్రం చల్లబడి నేల చల్లబడకపోవడం ఏమిటి?

జవాబు వాతావరణంలో లేదు, ఓడల్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 నుంచి 1945 ఆగస్టు దాకా, ఈ కొలతల్లో దాదాపు 80 శాతం అమెరికా ఓడల నుంచి వచ్చినవి. వాళ్ళు ఇంజన్ చల్లబరచడానికి లోపలికి తోడుకునే నీటి ఉష్ణోగ్రత రాసుకునేవాళ్ళు. ఇంజన్ గది వేడిగా ఉంటుంది కాబట్టి ఆ కొలత రవ్వంత ఎక్కువే వస్తుంది. యుద్ధం అయిపోగానే బ్రిటిష్ ఓడల వాటా సగం దాకా పెరిగింది. వాళ్ళది బకెట్ పద్ధతి. తాడు కట్టి బకెట్ సముద్రంలోకి వదలడం, నీళ్ళు పైకి లాగడం, డెక్ మీద పెట్టి థర్మామీటర్ ముంచడం. ఈలోగా గాలికి నీళ్ళు ఆవిరవుతూ కొంచెం చల్లబడతాయి. ఒకటి కాస్త వేడి చూపించే పద్ధతి, ఇంకొకటి కాస్త చల్లదనం చూపించే పద్ధతి. యుద్ధం ముగిసిన నెలలోనే మొదటిదాని వాటా తగ్గి, రెండోదాని వాటా పెరిగింది. సముద్రానికి ఏమీ కాలేదు.

ఇందులో ఒక్క నావికుడు కూడా తప్పు చెయ్యలేదు. ఎవరి పద్ధతి ప్రకారం వాళ్ళు శ్రద్ధగానే కొలిచారు. లాగ్‌బుక్కులో అంకె మిగిలింది గానీ, ఆ అంకె బకెట్‌లోదా ఇంజన్ గదిలోదా అన్నది చాలాచోట్ల మిగల్లేదు.

2019లో ఇలాంటిదే ఇంకొకటి బయటపడింది. 20వ శతాబ్దం మొదటి సగంలో ఉత్తర పసిఫిక్‌లో తిరిగిన జపాన్ ఓడల రికార్డులు మిగతావాటి కంటే చల్లగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి. తవ్వి చూస్తే, ఆ కాగితాల మీది అంకెల్ని తర్వాతి రోజుల్లో డిజిటల్‌గా ఎక్కించేటప్పుడు దశాంశ బిందువు తర్వాతి అంకెని వదిలేశారు. 16.7ని 16 చేశారన్నమాట. ఒక్కో కొలతలో అదెంత? ఏమంత కాదు. కానీ లక్షల కొలతల్లో అన్నీ ఒకే వైపు తగ్గితే, అది ఒక మహాసముద్రం చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. మీలో ఎంతమంది డేటా ఎంట్రీ పని బయటివాళ్ళకి ఇచ్చి చేయించుకున్నారు? వాళ్ళు ఖాళీ గడుల్లో ఏం పెట్టారో అడిగారా? సున్నా పెట్టారా, ఖాళీగానే వదిలేశారా?

ఈ రెండింటినీ తేల్చడానికి వాతావరణ శాస్త్రం ఒక్కటే సరిపోలేదు. ఏ నౌకాదళం ఏ ఏడాది ఏ పరికరం వాడిందో తెలిసినవాళ్ళు కావాలి. అంటే ఆర్కైవుల్లో కూర్చోగలిగినవాళ్ళు. 2010లో మొదలైన ఓల్డ్ వెదర్ అనే ప్రాజెక్టులో వేలమంది వాలంటీర్లు బ్రిటిష్ నౌకాదళం పాత లాగ్‌బుక్కుల్ని ఇంట్లో కూర్చుని టైపు చేసిపెట్టారు. వాతావరణం వాళ్ళకి ఉష్ణోగ్రతలు దొరికాయి, చరిత్రకారులకి ఓడల్లో జబ్బులు, చావులు, ప్రయాణాలు దొరికాయి. "ఇంటర్‌డిసిప్లినరీ" అని ప్రాజెక్టు ప్రతిపాదనల్లో మనం రాసుకునే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు.

సరే, కొలతలు సక్రమంగానే ఉన్నాయనుకుందాం. అందరికీ ఒకే డేటా ఇచ్చామనుకుందాం. అప్పుడు అందరూ ఒకే జవాబు చెప్పాలి కదా?

ఇది నిజంగా చేసి చూశారు. ఫలితాలు 2018లో వచ్చాయి. నాలుగు ఐరోపా దేశాల ఫుట్‌బాల్ లీగుల డేటా. రెండు వేలకి పైగా ఆటగాళ్ళు, మూడు వేలకి పైగా రిఫరీలు. ప్రశ్న చాలా సూటిగా ఉంది. నల్లటి చర్మం ఉన్న ఆటగాళ్ళకి రిఫరీలు రెడ్ కార్డు ఎక్కువగా చూపిస్తున్నారా? దీన్ని 29 బృందాలకి ఇచ్చారు, మొత్తం 61 మంది పరిశోధకులు. 20 బృందాలు "అవును, తేడా ఉంది" అని తేల్చాయి. 9 బృందాలు "అలా అని చెప్పలేం" అన్నాయి. కార్డు పడే అవకాశాల నిష్పత్తి ఒక బృందం లెక్కలో 0.89, అంటే తేడా లేకపోగా కాస్త తక్కువే. ఇంకో బృందం లెక్కలో 2.93, అంటే దాదాపు మూడింతలు.

ఎవరూ మోసం చెయ్యలేదు. ఎవరికీ లెక్కలు రాక కాదు. మరి తేడా ఎక్కడొచ్చింది? డిఫెన్స్‌లో ఆడేవాడు ఎక్కువ ఫౌల్స్ చేస్తాడు, కాబట్టి ఆడే స్థానాన్ని లెక్కలోకి తీసుకోవాలా? ఒకే రిఫరీ ఒకే ఆటగాడికి చాలా మ్యాచుల్లో ఎదురైతే వాటిని విడివిడిగా లెక్కపెట్టాలా, కలిపా? ఫోటో చూసి చర్మం రంగుకి ఇద్దరు వేర్వేరు మార్కులు వేస్తే సగటు తియ్యాలా? ఏ లీగో చూడాలా, అక్కర్లేదా? ప్రతి ప్రశ్నకీ ఇద్దరు తెలివైనవాళ్ళు రెండు జవాబులు చెప్పగలరు, రెండూ సమర్థించుకోగలరు. ఇలాంటి ప్రశ్నలు ఒక పది వరసగా వస్తే దారులు ఎన్ని చీలతాయో మీరే ఊహించుకోండి. 29 బృందాలు ఇతర అంశాల్ని లెక్కలోకి తీసుకున్న తీరులే 21 రకాలుగా ఉన్నాయి. మామూలుగా అయితే ఈ 29లో ఒక్కటే పేపరుగా వస్తుంది, మనం దాన్నే నిజమని చదువుకుంటాం.

2020లో మెదడు స్కానుల మీద ఇలాగే చేస్తే, 70 బృందాల్లో ఏ రెండూ ఒకే వరసలో విశ్లేషణ చెయ్యలేదు.

మంచి ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయాలే ఇంత దూరం లాక్కుపోతే, ఫలితం రావాలన్న ఆత్రం కూడా తోడైతే? సిమ్మన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు 2011లో దీన్ని వెటకారంగా నిరూపించారు. ఫలానా పాట విన్న విద్యార్థులు, వేరే పాట విన్నవాళ్ళ కంటే ఏడాదిన్నర చిన్నవాళ్ళయ్యారని గణాంక పరీక్షలతో చూపించారు! విన్నాక చిన్నవాళ్ళుగా అనిపించడం కాదు, పుట్టినతేదీ ప్రకారమే. చాలా విషయాలు అడిగి అందులో పనికొచ్చినవే చెప్పడం, ఫలితం వచ్చేదాకా మనుషుల్ని చేర్చుకుంటూ పోయి వచ్చాక ఆపెయ్యడం, వీటితోనే అది సాధ్యమైంది. అప్పట్లో ఇవన్నీ మామూలుగా అందరూ చేసేవే.

ఇక్కడ 0.05 గురించి ఒక్క ముక్క. పీ-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) దానికి కిందకొస్తే పండగ, పైకెళ్తే టెన్షన్. రొనాల్డ్ ఫిషర్ 1925లో సౌకర్యం కోసం వాడిన గీత అది. వందేళ్ళుగా దాని చుట్టూ ఉద్యోగాలు, ప్రమోషన్లు తిరుగుతున్నాయి. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పనిగట్టుకుని ప్రకటన ఇచ్చింది, ఆ ఒక్క గీత దాటిందా లేదా అన్నదాన్ని బట్టే శాస్త్రీయ నిర్ధారణలు చెయ్యొద్దని. మన వైవా (థీసిస్ మౌఖిక పరీక్ష) గదుల దాకా ఆ ప్రకటన ఇంకా వచ్చినట్టు లేదు.

2015లో మనస్తత్వ శాస్త్రంలో 100 అధ్యయనాల్ని మళ్ళీ చేసి చూశారు. అసలు వాటిలో 97 శాతం గణాంకపరంగా ఫలితం చూపించినవి. మళ్ళీ చేసినప్పుడు 36 శాతమే నిలిచాయి. ఈ అంకె విని మిగతా రంగాల వాళ్ళు ముసిముసి నవ్వులు నవ్వుకుంటారు. నాకది నచ్చదు. మనస్తత్వ శాస్త్రం వాళ్ళు తమ ఇల్లు తాము సోదా చేసుకున్నారు, దొరికింది బయటపెట్టారు. సోదా చెయ్యని ఇళ్ళలో ఏముందో మనకి తెలీదు.

ఆర్థిక శాస్త్రం నుంచి ఒక కథ చెబుతాను. విద్యార్థులు దీన్ని జాగ్రత్తగా వినాలి. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ప్రముఖ ఆర్థికవేత్తలు, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే ఆ దేశం ఎదుగుదల బాగా పడిపోతుందని రాశారు. చాలా దేశాల్లో ఖర్చులు కోసెయ్యాలన్నవాళ్ళు ఆ పేపరే చూపించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి, క్లాసు అసైన్‌మెంట్‌గా ఆ లెక్క మళ్ళీ చెయ్యబోయాడు. రాలేదు. రచయితల్నే అడిగితే వాళ్ళు ఎక్సెల్ ఫైలు పంపించారు. తెరిచి చూస్తే, సగటు కట్టే గడిలో 30వ వరుస నుంచి 49వ వరుస దాకా ఉండాల్సింది 44 దగ్గరే ఆగింది. అక్షర క్రమంలో మొదటి ఐదు దేశాలు, ఆస్ట్రేలియా నుంచి డెన్మార్క్ దాకా, లెక్కలోకే రాలేదు.

2013లో ఇది బయటికొచ్చినప్పుడు లోకమంతా ఎక్సెల్ తప్పు గురించే మాట్లాడుకుంది. రచయితలు ఆ తప్పు ఒప్పుకున్నారు కూడా. కానీ అసలు కిటుకు అందులో లేదు. వాళ్ళు ప్రతి దేశానికీ సమానమైన విలువ ఇచ్చారు. ఆ అప్పు స్థాయిలో బ్రిటన్ 19 ఏళ్ళు ఉంది, ఏటా సగటున 2.4 శాతం ఎదిగింది. న్యూజిలాండ్‌కి ఒక్క ఏడాదే లెక్కలోకి తీసుకున్నారు, 1951. ఆ ఏడాది ఎదుగుదల మైనస్ 7.6 శాతం. పందొమ్మిదేళ్ళూ, ఒక్క ఏడాదీ సగటులో సరిసమానంగా కూర్చున్నాయి. అన్నీ సరిచేసి, హెర్న్‌డన్, ఆయన ప్రొఫెసర్లు కట్టిన లెక్కలో మైనస్ 0.1 కాస్తా 2.2 అయింది. దేశానికో ఓటు ఇవ్వాలా, ఏడాదికో ఓటు ఇవ్వాలా అన్నది పొరపాటు కాదు, నిర్ణయం. రెండు వైపులా వాదించొచ్చు, ఆ రచయితలు వాదించారు కూడా. ఎక్సెల్ తప్పుని ఎవరైనా పట్టుకుంటారు. ఇలాంటి నిర్ణయం పట్టుకోవాలంటే ఫైలు చేతికి రావాలి. ఒక విద్యార్థి అడిగాడు కాబట్టి, వాళ్ళు పెద్దమనసుతో ఇచ్చారు కాబట్టి వచ్చింది.

ఎక్సెల్ మాటొచ్చింది కాబట్టి ఇంకొక్కటి. జన్యువుల పేర్లలో మార్చ్1, సెప్ట్2 లాంటివి ఉండేవి. గడిలో టైపు చెయ్యగానే ఎక్సెల్ వాటిని మార్చి నెల ఒకటో తారీఖుగా, సెప్టెంబర్ రెండో తారీఖుగా మార్చేసేది. 2016లో లెక్క తీస్తే, జన్యువుల జాబితాలు ఎక్సెల్‌లో జతచేసిన పేపర్లలో దాదాపు ఐదోవంతుకి ఈ జబ్బు ఉంది. చివరికి 2020లో ఏం చేశారో తెలుసా? ఎక్సెల్ మారలేదు, జన్యువుల పేర్లే మార్చేశారు.

ఇప్పుడు భౌతిక శాస్త్రం వైపు వెళ్దాం. నాకు చాలా ఇష్టమైన ఉపాయం అక్కడే ఉంది.

గురుత్వాకర్షణ తరంగాల (అంతరిక్షంలో భారీ ఘటనల వల్ల పుట్టే అతిసూక్ష్మమైన అలల) కోసం లైగో అనే ప్రయోగం ఏళ్ళ తరబడి వెతుకుతూ ఉంది. వాళ్ళ భయం ఏమిటంటే, ఇన్నేళ్ళు ఎదురుచూసినవాళ్ళకి ఏ చప్పుడైనా తరంగంలాగే వినిపిస్తుంది. లేదా అతిజాగ్రత్తతో అసలుదాన్నే కొట్టిపారేస్తారు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. కొద్దిమందికి మాత్రం అధికారం ఇచ్చారు, ఎవరికీ చెప్పకుండా పరికరాల్లోకి దొంగ సంకేతం ఎక్కించొచ్చని. ఎక్కించారా లేదా అన్నది ఒక కవరులో పెట్టి ఉంచుతారు. 2010 సెప్టెంబర్ 16న పెద్ద సంకేతం ఒకటి వచ్చింది. ఆకాశంలో అది వచ్చిన దిక్కుని బట్టి దానికి బిగ్ డాగ్ అని పేరు పెట్టుకున్నారు. వందలమంది నెలల తరబడి పనిచేశారు. వాదించుకున్నారు, లెక్కలు కట్టారు, పేపరు రాసి సిద్ధం చేశారు. 2011 మార్చిలో అందరూ ఒకచోట కూడి కవరు విప్పారు. దొంగ సంకేతమే.

ఆ నెలల పని వృథా అనుకునేవాళ్ళు ఈ గదిలో ఉండొచ్చు. నేనైతే పరిశోధన చరిత్రలో అంత బాగా ఖర్చుపెట్టిన నెలలు తక్కువంటాను. 2015 సెప్టెంబర్ 14న నిజమైన సంకేతం వచ్చినప్పుడు వాళ్ళు వేసుకున్న మొదటి ప్రశ్న, "ఎవరైనా ఎక్కించారా?" అనే. కాదని రూఢి చేసుకున్నాకే ముందుకెళ్ళారు. ఆ చేతులకి ముందే అలవాటైన పని అది.

"వాళ్ళకి డబ్బుంది, మాకెక్కడిది" అంటారు. ఇది సాకు. ఇందులో మనకి పనికొచ్చే ముక్కకి పైసా ఖర్చు లేదు. విద్యార్థుల వ్యాసాలకి మార్కులు వేస్తున్నారా? ఏది కొత్త బోధనా పద్ధతి గ్రూపుదో, ఏది పాత గ్రూపుదో మార్కులు వేసేవాళ్ళకి తెలియనివ్వకండి. ఇంటర్వ్యూలు కోడింగ్ (అంటే జవాబుల్ని అంశాల వారీగా గుర్తులు పెట్టి వర్గీకరించడం) చేస్తున్నారా? ఏ జవాబు ఎవరిదో చెరిపేసి ఇంకొకరి చేత చేయించండి. గ్రూపుల పేర్లు క, గ అని మార్చేసి, విశ్లేషణ అంతా అయ్యాకే ఎవరు ఎవరో విప్పి చూసుకోండి.

వైద్యంలో ఇంకో ఉపాయం ఉంది. ఏం కొలవబోతున్నారో ముందే చెప్పి, ప్రజల ముందు రిజిస్టర్ చెయ్యడం. దీని దెబ్బ ఎంతో చూడండి. అమెరికాలో గుండె జబ్బుల పరిశోధనకి నిధులిచ్చే జాతీయ సంస్థ పెట్టించిన పెద్ద ట్రయల్స్‌ని 2015లో ఇద్దరు పరిశీలించారు. 2000కి ముందు 30 ట్రయల్స్‌లో 17 మందు పనిచేసిందని చెప్పాయి. 2000 తర్వాత, ముందస్తు రిజిస్ట్రేషన్ వచ్చాక, 25లో 2 మాత్రమే. మందులు ఉన్నట్టుండి పనికిరాకుండా పోయాయా? కారణాలు ఇంకా ఉండొచ్చు. కానీ ఆట అయ్యాక గోల్‌పోస్ట్ జరిపే వెసులుబాటు పోవడం అందులో పెద్ద కారణమని నా నమ్మకం.

ఇదే పద్ధతిని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళిందే రిజిస్టర్డ్ రిపోర్ట్. డేటా సేకరించకముందే ప్రశ్న, పద్ధతి జర్నల్‌కి పంపుతారు. సమీక్షకులు చూస్తారు, మార్పులు చెబుతారు, ఒప్పుకుంటే ఫలితం ఏదొచ్చినా అచ్చేస్తామని జర్నల్ మాటిస్తుంది. 2013లో కొన్ని జర్నళ్ళతో మొదలైంది, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. మనస్తత్వ శాస్త్రంలో మామూలు పేపర్లు, ఇవి పక్కపక్కన పెట్టి చూస్తే, పరికల్పన (ముందుగా వేసుకున్న అంచనా) నిజమైందని చెప్పినవి మామూలు పేపర్లలో 96 శాతం, వీటిలో 44 శాతం. అనుకున్నవన్నీ నిజమయ్యే రంగం ఏదైనా ఉంటే అక్కడ పరిశోధనే అక్కర్లేదు కదా. కాబట్టి నాకు ఆ 44 మీదే నమ్మకం. పీహెచ్‌డీ విద్యార్థికి ఇందులో ఇంకో లాభం. సమీక్షకుడి తిట్లు డేటా సేకరించాక కాకుండా ముందే పడతాయి.

కృత్రిమ మేధ సంగతి. ఇది లేకుండా ఈ రోజుల్లో ఏ ప్రసంగమూ పూర్తి కాదు. 2020లో ఛాతీ ఎక్స్‌రే చూసి కోవిడ్ ఉందో లేదో చెప్పే మోడళ్ళు వందలకొద్దీ పుట్టుకొచ్చాయి. మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్ పరిశోధకులు వాటిని వడపోసి, మిగిలిన 62 పేపర్లని క్షుణ్ణంగా చదివారు. ఆసుపత్రిలో వాడటానికి పనికొచ్చేది ఒక్కటీ లేదని తేల్చారు. కొన్ని మోడళ్ళలో తప్పు ఎక్కడుందంటే, కోవిడ్ ఎక్స్‌రేలు పెద్దవాళ్ళవి, కోవిడ్ లేనివారివిగా తీసుకున్నవి ఒకటి నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలవి. మోడల్ నేర్చుకున్నది పిల్లల ఛాతీకీ పెద్దల ఛాతీకీ తేడా అయ్యుండొచ్చు. 97 శాతం కచ్చితత్వం వచ్చినా ఆశ్చర్యం లేదు! ఆ పిల్లల ఎక్స్‌రేలు నెట్‌లో తేలిగ్గా దొరికాయి, అంతే. ఒక్కసారి ఫైళ్ళు తెరిచి కళ్ళతో చూసినవాళ్ళు లేకపోయారు.

ఇంటర్వ్యూల కోడింగ్‌కి, పాత పేపర్ల సారాంశాలకి చాట్‌జీపీటీ లాంటి భాషా మోడళ్ళు వాడుతున్నారు. వాడొద్దని నేననను. అడిగే ప్రశ్నలో ఒక మాట మారితే జవాబు మారుతుంది, ఆర్నెల్ల తర్వాత కొత్త వెర్షన్ వస్తే మళ్ళీ మారుతుంది. ఏం అడిగారో, ఏ వెర్షనో, ఏ తేదీనో రాసి పెట్టుకోండి. కొంత భాగం మీ చేత్తో కోడింగ్ చేసి, పక్కన పెట్టి పోల్చుకోండి. బకెట్‌దా ఇంజన్‌దా అన్న ప్రశ్న రేపు వీటికీ వస్తుంది.

ఇక మానవీయ శాస్త్రాలు. "మళ్ళీ చేస్తే అదే రావాలి" అనే కొలబద్ద తెచ్చి మౌఖిక చరిత్ర మీద పెడితే ఏమవుతుంది? ఇటలీలో టెర్ని అనే ఉక్కు కార్ఖానాల ఊళ్ళో, 1949 మార్చిలో, నాటో సైనిక కూటమిలో చేరడానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో లుయీజీ ట్రస్తుల్లీ అనే 21 ఏళ్ళ కార్మికుణ్ణి పోలీసులు చంపారు. తేదీ రికార్డుల్లో స్పష్టంగా ఉంది. అలెస్సాండ్రో పోర్టెల్లి అనే పరిశోధకుడు అక్కడి కార్మికుల జ్ఞాపకాలు సేకరిస్తే, చాలామంది ఆ చావు 1953లో జరిగిందన్నారు, కార్ఖానా నుంచి రెండు వేలమందికి పైగా కార్మికుల్ని తీసేసినప్పటి వీధి పోరాటాల్లో.

సర్వే పద్ధతిలో అయితే ఇది "తప్పు సమాధానం", తీసెయ్యాల్సిన డేటా. పోర్టెల్లి అలా తీసెయ్యలేదు. ఒక ఊరి జనం కలిసి ఒకే తప్పు ఎందుకు చేస్తున్నారని అడిగాడు. తమ సాటివాణ్ణి చంపితే ఏమీ చెయ్యలేకపోయామన్న అవమానం వాళ్ళని తొలిచింది. అందుకే ఆ చావుని జ్ఞాపకంలో నాలుగేళ్ళు ముందుకు జరిపి, తాము తిరగబడ్డ రోజుల్లో పెట్టుకున్నారు. ఆ విషయం ఏ పోలీసు రికార్డులోనూ దొరకదు. పైగా ఇది కూడా గాలి మాట కాదని గమనించండి. అసలు తేదీ రికార్డుల్లో ఉంది కాబట్టే, తప్పు తప్పని తెలిసింది, అది సాక్ష్యంగా పనికొచ్చింది. "మాది గుణాత్మక పరిశోధన, మాకు సరిచూసుకోవడాలు అక్కర్లేదు" అనేవాళ్ళకి ఈ ఉదాహరణ ఏమాత్రం సాయం చెయ్యదు.

కాబట్టి, ఇంకొకరు వెళ్ళి అవే ఇంటర్వ్యూలు మళ్ళీ చేస్తే అవే మాటలు రావాలని అడగడం అన్యాయం. అక్కడ "మాకు కుదరదు" అన్నమాట నిజం. కానీ ఎవరెవరిని కలిశారు, ఎవరు మాట్లాడనన్నారు, పక్కన ఎవరు కూర్చుని ఉండగా మాట్లాడారు, ఎక్కడ రికార్డర్ ఆపమన్నారు, ఇవి రాసుకోమనడం న్యాయమే.

నా సమయం దాటిపోయింది. మీరు చీటీల మీద రాసి పంపిన రెండు ప్రశ్నలకి జవాబిచ్చి దిగిపోతాను.

మొదటి చీటీ: "ఇవన్నీ చేస్తూ కూర్చుంటే మూడేళ్ళలో థీసిస్ అవుతుందా?" కొన్ని కావు. కొత్తగా పెద్ద శాంపిల్ సేకరించడం ఒక్క విద్యార్థి వల్ల కాదు. దానికి కొన్ని విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి, ఒకే ప్రశ్నావళితో, ఒకే పద్ధతిలో తలా కొంత సేకరించుకోవాలి. మనస్తత్వ శాస్త్రంలో ఇప్పుడు అలాగే చేస్తున్నారు. కానీ నిర్ణయాల డైరీ రాయడానికి రోజుకి పది నిమిషాలు చాలు. "ఈ రోజు ఈ రికార్డులు తీసేశాను, కారణం ఇది." వైవాలో అడిగినప్పుడు గుర్తుచేసుకోవడానికి పడే అవస్థతో పోలిస్తే అదేం ఎక్కువ కాదు. గైడ్లకి కూడా ఒక మాట. విద్యార్థి "తేడా ఏమీ రాలేదు సార్" అని వచ్చినప్పుడు "ఇంకో టెస్ట్ చేసి చూడు" అని మనం అలవోకగా అనేస్తాం. ఆ ఒక్క వాక్యంతో పైన చెప్పినవన్నీ మొదలవుతాయి.

రెండో చీటీ చాలా మంచి ప్రశ్న: "డేటా బయటపెట్టమంటున్నారు. నాది హింసకి గురైన స్త్రీల ఇంటర్వ్యూలు. ఎలా పెట్టను?" పెట్టకండి. అందరూ అన్నీ బయటపెట్టాలన్న నియమం అంకెలున్నవాళ్ళు పెట్టుకున్నది. చిన్న సమూహంలో పేరు తీసేసినా, వయసు, వృత్తి, ఎంతమంది పిల్లలు అన్న మూడు ముక్కలతో మనిషిని పోల్చేస్తారు. మీరు బయటపెట్టగలిగేవి వేరే ఉన్నాయి. అడిగిన ప్రశ్నల జాబితా, కోడింగ్ ఎలా చేశారో ఆ పట్టిక, ఏయే దశల్లో దాన్ని మార్చారో. రికార్డింగుల విషయం ఇంటర్వ్యూ ఇచ్చిన ఆవిడనే అడగండి. నేను మాత్రమే వినొచ్చా, మా గైడ్ వినొచ్చా, పదేళ్ళ తర్వాత వేరే పరిశోధకులు ఎవరైనా వినొచ్చా, ఈ మూడూ విడివిడిగా అడిగి, విడివిడిగా సంతకం తీసుకోండి. రికార్డర్ ఆన్ చెయ్యకముందు ఒకసారి, మాట్లాడటం అయ్యాక ఇంకోసారి. ఏం చెప్పిందో తెలిశాక ఆవిడ మనసు మార్చుకోవచ్చు, ఆ హక్కు ఉందని కూడా మీరే చెప్పాలి.